జీడి

చాకిరేవులో బట్టలకు గుర్తు పెట్టే నల్లగింజ జీడి. పిల్లల మొలతాడుకు, ఇంటి గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టేదీ ఆ గింజే. మామిడికాయ ముచ్చిక తుంచగానే చిమ్మి మూతి పొక్కించే సొనను కొన్ని ఊళ్ళలో జీడి అంటారు. ఆవకాయకు కాయలు కొట్టినప్పుడు టెంకలోంచి తీసి పారేసే మెత్తని పప్పు కూడా జీడే. బెల్లం పాకాన్ని సాగదీసి, నువ్వులద్ది తిరునాళ్ళలో అమ్మే మిఠాయి జీడి, బహువచనంలో జీళ్ళు. ఏళ్ళ తరబడి నడిచే టీవీ సీరియల్ జీడిపాకం. ఇన్నిటి తర్వాత వరసలో నిలబడాల్సింది జీడిపప్పు. ఇవాళ మాత్రం జీడి అనగానే పట్నవాసికి తోచేది అదొక్కటే.

మిఠాయికీ సొనకీ చాకలి గింజకీ ఏమిటి చుట్టరికం? చూపుకి ఏమీ లేదు, వేళ్ళకే తెలుస్తుంది. మూడూ అంటుకుంటాయి, ఒక పట్టాన వదలవు. జిగురు, జిగట, జిడ్డు అన్న మాటలు కూడా నోట్లో దాదాపు అదే చోట పలుకుతాయి. అంతమాత్రాన ఇవన్నీ ఒకే ధాతువు బిడ్డలని తేల్చెయ్యలేం. చెవికి ఒకేలా వినబడ్డ మాటలకు పెళ్ళి చెయ్యడం పదచర్చలు రాసేవాళ్ళకు పాత జబ్బు. ధాతువు సంగతి అలా ఉంచి, ఆ మాటను జనం ఏ గుణం చూసి ఎక్కడెక్కడ వాడారో చూస్తే చాలు. ఆకు, పువ్వు, పండు రంగు ఇవేవీ ఈ పేరుకు పట్టలేదు. చెట్టులోంచి కారేది మనిషిని ఏం చేస్తుందన్నదే పట్టింది.

అసలు జీడి నల్లజీడి. బ్రౌను నిఘంటువులో జీడి అంటే ముందుగా ఆ చెట్టే. సంస్కృతంలో భల్లాతకి. హిందీలో భిలావా, మరాఠీలో బిబ్బా. అమరకోశం దీనికి ఇచ్చిన పర్యాయపదాల్లో రెండు గమనించదగ్గవి: అరుష్కరం, అంటే పుండు చేసేది, అగ్నిముఖి, అంటే నిప్పు నోటిది. సంస్కృతం కాలడాన్ని చూసింది, తెలుగు అంటుకోవడాన్ని పట్టుకుంది. ఆయుర్వేదం ఇదే గింజను శుద్ధి చేసి రసాయన ఔషధాల్లో చేర్చింది, చరకసంహితలో దానికి పెద్ద చోటే ఉంది. ‘సిగ్గు లేదా జీడిగింజా అంటే, నల్లగింజను నాకేం సిగ్గు అందట’ అని మన సామెత. అంత నల్లటిది మరి.

గుర్తు పెట్టడం ఇలా: గింజను సూదితో గుచ్చుతారు, మొనకు అంటిన రసంతో బట్ట అంచున చుక్కో గీతో పెడతారు, పైన తడి సున్నం అద్దుతారు. రసం తీసినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడి, పోగులో బిగుసుకుంటుంది. తర్వాత ఎన్నిసార్లు ఉడకబెట్టినా, బండకేసి బాదినా పోదు. ఒక ఇంటికి మూడు చుక్కలు, ఇంకో ఇంటికి ఒక గీత, ఒక చుక్క. రేవులో వందల బట్టలు కలిసిపోయినా సాయంత్రానికి ఎవరివి వాళ్ళకు చేరేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో మకాం వేసిన అమెరికన్ సైనికులకు మెడ మీద, నడుము మీద దద్దుర్లు లేచాయి. సైనిక వైద్యులు ఆరా తీస్తే అవి సరిగ్గా చొక్కా కాలరుకూ లాగు పట్టీకీ చాకలి పెట్టిన గుర్తు తగిలే చోట్లు. 1943లో ఆ జబ్బుకు ‘ధోబీ మార్క్’ పేరుతోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

ఇక జీడిమామిడి. ఇది మన చెట్టు కాదు, బ్రెజిల్ చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పడమటి తీరానికి తెచ్చారు. బ్రెజిల్‌లో తుపీ జాతివాళ్ళు దాన్ని అకజూ అనేవారు. పోర్చుగీసు నోట అది కజూ అయింది, ఇంగ్లీషులో క్యాషూ, హిందీలో కాజూ. మలయాళీలు పరంగిమావు అన్నారు, పరంగివాళ్ళ మామిడి అని. తెలుగువాళ్ళు తెచ్చినవాణ్ణి పట్టించుకోలేదు, చెట్టును తాకి చూశారు. ముంతమామిడి అన్న పేరు కూడా కొన్నాళ్ళు నడిచింది గానీ నిలబడింది జీడిమామిడి. తొక్క పగలగొడితే లోపలినుంచి వచ్చే నూనె చేతులు కాలుస్తుంది, నల్లగా అంటుకుంటుంది, వదలదు. అంటే ఇది జీడి. చెట్టూ పూతా చూస్తే మామిడి. రెండూ కలిపారు, పేరు అయిపోయింది.

వృక్షశాస్త్రం తర్వాత ఒప్పుకున్నది అదే. నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం, అనకార్డియేసి. జపాన్‌వాళ్ళు చెక్కసామానుకు మెరుగు పూసే ఉరుషి చెట్టూ, అమెరికా అడవుల్లో ఒంటికి రాసుకుంటే బొబ్బలెక్కించే పాయిజన్ ఐవీ తీగా వీటి దాయాదులే. ఆ కుటుంబం పేరు వెనక ఇంకో తమాషా ఉంది. అనకార్డియం అన్నది మధ్యయుగాల ఐరోపా మందుల కొట్లలో మన నల్లజీడి పేరు. గింజ గుండె ఆకారంలో ఉంటుందని గ్రీకు మాటతో కట్టిన పేరు. 1753లో లిన్నేయస్ ఆ పేరును బ్రెజిల్ చెట్టుకు తగిలించి, పడమటిది అని విశేషణం చేర్చాడు. పేరు పోగొట్టుకున్న నల్లజీడికి ఆయన కొడుకు సెమెకార్పస్ అని కొత్తది పెట్టాడు. దానికి అర్థం గుర్తుకాయ. కన్నడంలోనూ ఇదే నడక: గేరు అంటే ఇప్పుడు జీడిమామిడి, పాతదాన్ని కరిగేరు అనాల్సి వస్తోంది, మనం నల్లజీడి అన్నట్టు. లాటినూ కన్నడమూ తెలుగూ ఒకదాన్నొకటి అడక్కుండానే, కొత్తగా వచ్చిన చెట్టుకు పాత చెట్టు పేరిచ్చేశాయి. పాతదానికి ఇంకో పేరు వెతుక్కున్నాయి.

ఈ పోలిక పైపైది కాదని రసాయనశాస్త్రం చెబుతుంది. నల్లజీడి రసంలో ముఖ్యమైనది భిలావనాల్, హిందీ భిలావా నుంచి వచ్చిన పేరు. బెంజీను వలయానికి పదిహేను కార్బన్ల పొడుగాటి తోక. జీడిమామిడి తొక్క నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. 1847లో స్టెడెలర్ దాన్ని విడదీశాడు. అదీ వలయమే, దానికీ పదిహేను కార్బన్ల తోకే. వలయం మీద కూర్చున్న చిన్న గుంపుల్లోనే తేడా. ఆ తోక కొవ్వులో కరుగుతుంది కాబట్టే రసం చర్మంలోకి దిగుతుంది. జిడ్డూ దానివల్లే, బొబ్బా దానివల్లే. మన పెద్దలు వేళ్ళతో పోల్చుకున్నది ఈ తోకనే.

పలాస-కాశీబుగ్గలో ఈ నూనె సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గింజలు అక్కడికే చేరతాయి. వాటిని ఆవిరిలో ఉడికించో, వేయించో తొక్క పగలగొడతారు. ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళ వేళ్ళ నలుపు సబ్బుకు పోదు. నూనె తొక్క రెండు పొరల నడుమ గుల్లగా ఉన్న భాగంలో ఉంటుంది, పప్పులోకి దాదాపు రాదు. వేడి తగిలితే అనకార్డిక్ ఆమ్లం బొగ్గుపులుసు వాయువును వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. కార్ఖానాలకు కావలసింది ఆ కార్డనాలే. లారీల బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో కలుస్తుంది. వేడి చెయ్యకుండా తీస్తే ఆమ్లం ఆమ్లంగానే మిగులుతుంది. ఇకమీద మన కథ దానిది.

ఈ కథలోకి రావలసిన రెండో మాట క్రొమాటిన్, ఆ ఆమ్లం కథ చివరికి చేరేది దాని దగ్గరికే. మన పాఠ్యపుస్తకాలు దాన్ని అనువదించకుండా అలాగే ఉంచేశాయి, మంచిదే. గ్రీకులో క్రోమా అంటే రంగు. జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయంలో వాల్తర్ ఫ్లెమ్మింగ్ సాలమాండర్ పిల్లల కణాలకు కొత్తగా వచ్చిన కృత్రిమ రంగులు పట్టించి చూస్తున్నప్పుడు, కేంద్రకంలో ఒక పదార్థం మిగతా అన్నిటికంటే ఎక్కువ రంగు పీల్చుకుంది. అదేమిటో ఆయనకు తెలియదు. రంగు పట్టేది కాబట్టి క్రొమాటిన్ అన్నాడు. 1882లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆ పేరు స్థిరపడింది. 1888లో వాల్డేయర్ పెట్టిన క్రోమోజోమ్ అన్న పేరుకూ రంగు దేహమనే అర్థం. జీవశాస్త్రం గుండెకాయలాంటి ఈ రెండు మాటలూ అద్దకంవాడి మాటలు. వంశపారంపర్యం, జన్యువు వంటి గంభీరమైన ఊహ ఏదీ వాటిలో లేదు. జీడి ఎలా పుట్టిందో ఇవీ అలాగే పుట్టాయి: అదేమిటో తెలియకముందే, దేనికి ఏం అంటుతుందో చూసి.

1928లో ఎమిల్ హైట్జ్ ఆ రంగులోనే రెండు రకాలు చూశాడు. కణం విభజన ముగిశాక కూడా కొన్ని భాగాలు ముదురు రంగులోనే ఉండిపోతున్నాయి. వాటిని హెటిరోక్రొమాటిన్ అన్నాడు, వదులై పాలిపోయిన భాగాలను యూక్రొమాటిన్. ముదురు చోట్ల జన్యువులు చాలావరకు మూగవి. ఆ రంగు పట్టేది ప్రోటీన్లకు చుట్టుకున్న డీఎన్ఏ అని తర్వాత తేలింది. మనిషి ఒక్కొక్క కణంలో రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. దాన్ని కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో సర్దాలంటే చుట్టక తప్పదు. ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల ఉండ ఒక్కోదాని చుట్టూ 147 అక్షరాల జతలు తిరుగుతాయి. డీఎన్ఏది రుణావేశం, హిస్టోన్లది ధనావేశం, అందుకే అంత గట్టి పట్టు. 1964లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రే బృందం ఒక సంగతి బయటపెట్టింది. హిస్టోన్లకు అసిటైల్ గుంపు అంటించి ఉంటే, జన్యువును చదివే పనికి అవి చేసే అడ్డు తగ్గుతోంది. హిస్టోన్ తోకలోని లైసీన్‌కు అసిటైల్ అంటుకుంటే అక్కడి ధనావేశం పోతుంది, పట్టు సడలుతుంది. ఇప్పుడు ఈ రంగంవాళ్ళు ఈ అంటింపులన్నిటినీ ‘మార్కు’లంటారు. మార్కు రాసే ఎంజైములు కొన్ని, చెరిపేవి కొన్ని, చదివి పని జరిపించే ప్రోటీన్లు కొన్ని.

మార్కు అన్న ఈ మాటను చాకలి గుర్తుతో పోల్చాలనిపిస్తుంది. సగం వరకే కుదురుతుంది. గుర్తు పడ్డంతమాత్రాన బట్ట నేత మారదు, అలాగే మార్కు పడినా డీఎన్ఏ అక్షరాలు మారవు. ఉతుకులన్నీ తట్టుకునే గుర్తులాగా, కణం విభజనలన్నీ దాటి నిలిచే మార్కులున్నాయి: డీఎన్ఏ మీద పడే మిథైల్ అలాంటిది. అసిటైల్ మాత్రం అలా కాదు. వేశాక కొన్ని నిమిషాలకే చెరిగిపోవచ్చు, మళ్ళీ పడవచ్చు. దాన్ని సుద్దముక్క గీతనాలి గానీ జీడి గీత అనకూడదు.

క్రొమాటిన్‌ను అటూఇటూ జరిపే యంత్రాలు వేరే ఉన్నాయి. చుట్టను పక్కకు జరపడం, విప్పడం, తీసెయ్యడం వాటి పని. శాస్త్రవేత్తలు ‘రీమోడలింగ్’ అనేది అచ్చంగా దీన్నే. వాటికి ఇంధనం ఏటీపీ. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ అణువును కండరం నుంచి వేరు చేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా వేరు చేశాడు. సుబ్బారావు పేరెత్తకుండా తెలుగులో ఏటీపీ అని రాయడం నాకు చేతకాదు.

మార్కులను మందులతో మార్చవచ్చని తెలిశాక అందరి చూపూ చెరిపేవాటి మీద పడింది. చెరిపే చేతిని పట్టుకుంటే మార్కులు మిగిలిపోతాయి, మూగబోయిన జన్యువులు కొన్ని మళ్ళీ పలుకుతాయి. మూర్ఛకు ఎప్పటినుంచో ఇస్తున్న వాల్‌ప్రోయిక్ ఆమ్లం చేసేదీ ఆ పనేనని 2001లో తేలింది. చర్మంలో వచ్చే ఒక లింఫోమాకు వొరినోస్టాట్‌ను 2006లో అమెరికా ఆమోదించింది. రాసే చేతిని ఆపే మందుల వైపు మాత్రం పని వెనకబడింది. లైస్-కోఏ అని ఒకటి చేశారు గానీ అది కణం పొర దాటి లోపలికి వెళ్ళలేకపోయింది.

2003లో బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో తపస్ కుండు ప్రయోగశాల జీడిమామిడి తొక్క నూనెలోని అనకార్డిక్ ఆమ్లాన్ని పీ300 అనే రాసే ఎంజైము ముందు పెట్టింది. పేరులోని 300 మొదట లెక్కగట్టిన దాని అణుభారం, కిలోడాల్టన్లలో. ఎంజైము ఆగిపోయింది. ఇంకో రాసే ఎంజైము పీసీఏఎఫ్ కూడా ఆగింది. రాసే చేతిని ఆపే సహజ పదార్థాల్లో అది మొట్టమొదటివాటిలో ఒకటి. నాకు దీనికంటే రుచించింది ఆ పని మీద వచ్చిన వ్యాసంలోని రెండో సగం. ఆమ్లం తలను మార్చి ఒక అమైడ్‌ను తయారుచేశారు, సీటీపీబీ అని పేరు. అది పీ300ను ఆపలేదు సరికదా, ఇంకా జోరుగా రాయించింది. ఒకే తొక్కలోంచి చెయ్యి పట్టుకునేదీ వచ్చింది, చెయ్యి తోసేదీ వచ్చింది. మరుసటి ఏడాది అదే బృందం చింతపండుకు బదులు కొంకణంలో వాడే కోకంలోంచి గార్సినాల్‌నూ, పసుపులోంచి కర్కుమిన్‌నూ ఇలాంటి నిరోధకాలుగా చూపింది.

ఇక్కడ చాలామంది కలం ఆగదు. ‘మన పెద్దలకు ఇదంతా ముందే తెలుసు’ అని రాసేస్తారు. తెలియదు. వాళ్ళకు తెలిసింది నూనె వేళ్ళకు అంటుతుందని, కాలుతుందని, గుర్తు పోదని. ఆ తెలిసింది చిన్నదేమీ కాదు. దానికి క్రొమాటిన్‌ను కలిపితే ఆ తెలివికీ న్యాయం జరగదు, ప్రయోగశాల పనికీ జరగదు. జీడిపప్పు తింటే జన్యువులు మారతాయనుకునేవాళ్ళకూ ఒక మాట: ఆమ్లం ఉన్నది తొక్కలో, తొక్క తింటే నోరు పుండవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అనకార్డిక్ ఆమ్లం పీ300 ఒక్కదానితో ఆగదు. వాపుకు సంబంధించిన లైపాక్సిజనేజ్‌ను ఆపుతుంది, ఇంకా ఎన్నో ఎంజైములకు తగులుకుంటుంది. అలాంటి అణువు ఒక ప్రయోగంలో ఒక ఫలితం ఇచ్చిందంటే దేనివల్ల ఇచ్చిందో నమ్మకంగా చెప్పడం కష్టం. కర్కుమిన్ మీదా రసాయనశాస్త్రవేత్తలు ఇదే తప్పు పడుతున్నారు. మందులు కట్టేవాళ్ళకు ఇది పెద్ద లోపం. పదచర్చ చేసేవాడికి మాత్రం నవ్వొస్తుంది, జీడి అని పేరు పెట్టుకున్నది కనపడినదానికల్లా అంటుకోక ఏం చేస్తుంది? 2017లో ఏ-485 అనే కృత్రిమ అణువు వచ్చింది, పీ300నూ దాని జంట సీబీపీనీ ఎంచి పట్టుకుంటుంది. ఆపే పనిలో జీడి అవసరం ఇప్పుడు పెద్దగా లేదు.

తోక తీసేసి చూస్తే అనకార్డిక్ ఆమ్లం శాలిసిలిక్ ఆమ్లం. విల్లో చెట్టు బెరడునుంచి పేరు తెచ్చుకుని, ఆస్పిరిన్‌కు తల్లి అయినది. ఆ శాలిసిలిక్ కూడా పీ300నూ సీబీపీనీ అడ్డుకుంటుందని 2016లో చూపారు. అంటే ఆపే గుణం కొంత వలయంలోనే ఉంది. తోక దాన్ని పెంచిందేమో గానీ పుట్టించలేదు.

తోసే అణువుల కథ ఇంకా నడుస్తోంది. పదిహేను కార్బన్ల తోక ఉన్న సీటీపీబీ కణాల్లోకి సరిగా పోలేదు. కుండు బృందం తోక కత్తిరించి, వలయానికి పొట్టి గుంపు పెట్టి టీటీకే21 చేసింది. దాన్ని చక్కెరనుంచి తయారుచేసిన కార్బన్ గోళీలకు అతికిస్తే మెదడులోకి చేరుతోంది. 2013లో స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్తలతో కలిసి చిట్టెలుకల మీద చేసిన పనిలో కొత్త నాడీకణాలు పెరిగాయి, నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలిచింది. 2019లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం వెన్నుపాము దెబ్బతిన్న చిట్టెలుకల్లో, ఎలుకల్లో దీన్ని వాడినప్పుడు నరాల తీగలు మళ్ళీ సాగాయి, కదలిక కొంత తిరిగొచ్చింది. ఇదంతా ఎలుకల దాకానే.

టీటీకే21లో చర్మంలోకి దిగే తోక లేదు, జిడ్డు లేదు. తయారీకి తొక్క నూనె అక్కర్లేదు, శాలిసిలిక్ వైపునుంచే కట్టుకోవచ్చు. పేరులోనూ అనకార్డియం ఊసు లేదు. దాన్ని జీడి అనడానికి తెలుగువాడికి ఏ ఆధారమూ మిగల్లేదు.